కేటీ ట్రయల్

కేటీ ట్రయల్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిస్సోరి రాష్ట్రంలో, మూతబడిన ఒక రైలుమార్గపు కట్టమీద ఏర్పరచిన కాలిబాట. దీనిమీద నడిచేవారిని, సైకిలు తొక్కేవారిని, కొన్ని భాగాలలో గుర్రపు రౌతులను అనుమతిస్తారు. పశ్చిమాన క్లింటన్ పట్టణం నుండి తూర్పున సెయింట్ లూయిస్ నగరానికి ఉత్తరంగా ఉన్న మాచెన్స్ వరకు దీని పొడవు సుమారు 386 కిలోమీటర్లు (240 మైళ్ళు). పట్టాలు తీసివేసి బాటలుగా మార్చిన మార్గాలలో ఆ దేశంలోని అతి పొడవైన వాటిలో ఇది ఒకటి. మిస్సోరి రాష్ట్ర ఉద్యానవనాల విభాగం దీనిని ఒక ఉద్యానవనంగా నిర్వహిస్తున్నది. బాటలో దాదాపు సగానికి పైగా మిస్సోరి నదికి ఉత్తరపు ఒడ్డున, ఒక ప్రక్క సున్నపురాతి కొండచరియలు, మరొక ప్రక్క నదీమైదానం ఉండగా సాగుతుంది. ఈ కారణంగా ఇది సైకిలు యాత్రికులకు ఎంత ప్రసిద్ధమో పక్షివీక్షకులకు కూడా అంత ప్రసిద్ధమైనది.

పేరు, చరిత్ర

మిస్సోరి-కాన్సస్-టెక్సాస్ అనే రైల్వే కంపెనీ పేరులోని 'కే', 'టీ' అక్షరాలను కలిపి జనం 'కేటీ' అని పిలిచేవారు. బాటకు ఆ పేరే స్థిరపడినది. నది ప్రక్కన వేసిన ఈ మార్గం తరచు వరదల పాలయ్యేది. 1986 అక్టోబరులో వచ్చిన వరదకు మార్గం బాగా దెబ్బతినగా, సెడేలియా నుండి మాచెన్స్ వరకు ఉన్న భాగంలో రైళ్ళను కంపెనీ నిలిపివేసినది.

మూతబడిన రైలుమార్గాన్ని బాటగా మార్చడానికి వీలు కల్పించినది 1983లో అమెరికా జాతీయ బాటల చట్టానికి చేసిన సవరణ. దీని ప్రకారం మార్గాన్ని పూర్తిగా వదిలివేసినట్లు కాకుండా, మున్ముందు రైళ్ళకు అవసరమైతే తిరిగి తీసుకొనేందుకు 'దాచి ఉంచినట్లు'గా పరిగణిస్తారు. అంటే చట్టం దృష్టిలో కేటీ ట్రయల్ ఇప్పటికీ రైలుమార్గమే. ఇరుప్రక్కల రైతులలో పలువురు దీనిని వ్యతిరేకించారు. తమ పూర్వీకులు రైళ్ళు నడుపుకోవడానికి మాత్రమే హక్కు ఇచ్చారని, రైళ్ళు ఆగిపోతే భూమి తమకు తిరిగి రావాలని వారి వాదన. ఆ వాదనలో న్యాయం లేదనడానికి వీలులేదు. వ్యాజ్యంలో 1989లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం బాటకు అనుకూలంగా తీర్పు చెప్పినది. మరుసటి యేడు వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన వేరొక వ్యాజ్యంలో సుప్రీం కోర్టు కూడా ఈ చట్టసవరణను సమర్థిస్తూనే, భూమి కోల్పోయినవారు నష్టపరిహారం కోరవచ్చునని తేల్చినది.

తీర్పు మరొక విధంగా వచ్చి ఉంటే ఈ కట్ట వందలాది ముక్కలై పొలాలలో కలిసిపోయి ఉండేది. ఒకసారి ముక్కలైన దారిని తిరిగి కూడదీయడం దాదాపు అసాధ్యం. పెట్టుబడుల వ్యాపారి ఎడ్వర్డ్ 'టెడ్' జోన్స్, ఆయన భార్య పాట్ జోన్స్ ఇచ్చిన 20 లక్షల డాలర్లకు పైబడిన విరాళంతో పనులు సాగి, 1990 ఏప్రిల్‌లో రోష్‌పోర్ట్ గ్రామం వద్ద మొదటి భాగం ప్రారంభమైనది. టెడ్ జోన్స్ అదే సంవత్సరం అక్టోబరులో మరణించాడు. 1991లో యూనియన్ పసిఫిక్ రైల్వే సెడేలియాకు పశ్చిమాన ఉన్న సుమారు 53 కిలోమీటర్ల మార్గాన్ని కూడా ఇచ్చినది. తూర్పున మాచెన్స్ వరకు పొడిగింపు 2011లో పూర్తయినది.

బాట సాగే తీరు

రైళ్ళు నిటారు వాలు ఎక్కలేవు గనుక బాట అంతటా ఇంచుమించు సమతలంగా ఉంటుంది. కంకర మీద నలగగొట్టిన సున్నపురాయిని పరచి గట్టిపరచారు. క్లింటన్ నుండి బూన్‌విల్ వరకు బాట గడ్డిభూములు, పొలాలు, చిన్న గుట్టల మీదుగా వెళ్తుంది. బూన్‌విల్ వద్ద మిస్సోరి నదిని చేరుతుంది. అక్కడినుండి రోష్‌పోర్ట్, మెక్‌బేన్, హార్ట్స్‌బర్గ్, జెఫర్సన్ సిటీ సమీపం, అగస్టా, సెయింట్ ఛార్లెస్ మీదుగా నదిని అంటిపెట్టుకొని సాగుతుంది. రోష్‌పోర్ట్ వద్ద 1893 నాటి సొరంగం ఒకటి కలదు. దాని పొడవు 243 అడుగులు. ఈ రైలుమార్గం మొత్తం మీద సొరంగం ఇది ఒక్కటే.

రోష్‌పోర్ట్ ప్రాంతపు కొండచరియలు బర్లింగ్టన్ సున్నపురాయి అనే శిలలతో ఏర్పడినవి. పురాతన సముద్రపు అడుగున 'సముద్రకలువలు' అనబడే జీవుల అవశేషాలు పేరుకొని ఈ రాయి ఏర్పడినది. బాటప్రక్కన రాలిపడిన రాళ్ళలో గుండ్రని పూసలవలె కనిపించేవి ఆ జీవుల కాడల ముక్కలే. 1804 జూన్‌లో లూయిస్, క్లార్క్‌ల అన్వేషక బృందం పడవలలో ఇదే దారిన ఎగువకు సాగినది. రోష్‌పోర్ట్ వద్ద కలిసే మోనిటో వాగు సమీపంలో కొండచరియపై ఆదివాసులు వేసిన బొమ్మలను చూసినట్లు, అక్కడ గిలక పాముల స్థావరం ఉండగా మూడింటిని చంపినట్లు క్లార్క్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఆ పాములు నేటికీ ఈ చరియలలో నివసిస్తున్నవి. బొమ్మలలో చాలావరకు తరువాతి కాలంలో రైలుమార్గం కోసం రాళ్ళు పేల్చినపుడు నాశనమైనవి.

పక్షులు

ఈ లోయ మిస్సిసిపి వలసమార్గంలో భాగం. కెనడా నుండి మధ్య అమెరికా వరకు రాకపోకలు సాగించే పక్షులకు నది ఒక దారిగా ఉపయోగపడుతుంది. అంతేకాక బాట మీద ఒకచోట నిలబడితే కొండచరియ, చెట్లవరుస, చిత్తడి, పొలం, నది అనే అయిదు రకాల ఆవాసాలు వినికిడి దూరంలోనే ఉంటాయి. కొద్ది నడకలో ఇన్ని జాతులు కనిపించడానికి ముఖ్యకారణం ఇదే.

తెల్లతల గద్ద: అమెరికా జాతీయ చిహ్నమైన ఈ పక్షిని చూడటానికి చలికాలంలో పలువురు ఈ బాటకు వస్తారు. పంటచేలలో వాడిన డి.డి.టి. పురుగుమందు చేపల ద్వారా గద్దల శరీరాలలో చేరి, వాటి గుడ్ల పెంకులను పలుచబరచినది. పొదిగే తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. వేట, ఆవాసాల నాశనం కూడా తోడై మిస్సోరిలో గూళ్ళు దాదాపు లేకుండా పోయినవి. 1972లో అమెరికాలో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. 1981 నుండి 1990 వరకు మిస్సోరిలో 74 గద్ద పిల్లలను పెంచి విడిచిపెట్టారు. 2007లో ఈ పక్షిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుండి తొలగించారు. ఇపుడు రాష్ట్రంలో గూళ్ళు వందలలో ఉన్నవి. ఉత్తరాన సరస్సులు గడ్డకట్టినపుడు మరెన్నో గద్దలు దక్షిణానికి వచ్చి, గడ్డకట్టని నీటి ప్రక్కన పెద్ద సైకమోర్, కాటన్‌వుడ్ చెట్లపై కూర్చుంటాయి. ఆకులు రాలిన కొమ్మలపై తెల్లని తల చాలా దూరం నుండి కనబడుతుంది. తల తెల్లబడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది కాబట్టి గోధుమరంగు లేత గద్దలను కొత్తవారు వేరే జాతిగా పొరబడటం కద్దు.

కొండచరియల పక్షులు: టర్కీ రాబందులు ఎండ వేడెక్కగానే చరియల మీదుగా లేచే గాలిలో రెక్కలు కదపకుండా తేలుతుంటాయి. రెక్కలను పైకెత్తి 'వి' ఆకారంలో పట్టుకొని అటునిటు ఊగడం వీటి గుర్తు. మన దేశపు రాబందులతో వీటికి దగ్గరి బంధుత్వం లేదు. పైగా ఇవి వాసన పట్టి కళేబరాన్ని కనుగొంటాయి. రైల్వేవారు కట్టిన తూముల క్రింద, వంతెనల దూలాల మీద, రాతి అరుగులపైన ఫీబీ అనే చిన్న ఈగపిట్ట నాచుతో, మట్టితో గూడు కట్టుకొంటుంది. మనుషుల కట్టడాన్ని ఇంతగా ఉపయోగించుకొనే అడవి పక్షులు ఈ బాటపై తక్కువ.

నదీతీరపు అడవి పక్షులు: ఏప్రిల్ మూడవ వారం నుండి మే నడిమి వరకు వార్బ్లర్ అనబడే చిన్ని పిట్టలు గుంపులుగా వస్తాయి. వీటిలో పరూలా వార్బ్లర్, పసుపుగొంతు వార్బ్లర్ సైకమోర్ చెట్ల కొనకొమ్మలలో వేసవి అంతా ఉండిపోతాయి. చూడటానికి మెడ నొప్పిపుట్టేంత ఎత్తున ఉంటాయి గనుక చెవిని నమ్ముకోవడమే మేలు. నిలవ నీటిలో మునిగిన చెట్ల మధ్య, వడ్రంగిపిట్టలు వదలిన తొర్రలలో ప్రోథోనోటరి వార్బ్లర్ గూడు పెడుతుంది. పసుపు దీపం వలె మెరిసే ఈ పిట్ట చలికాలాన్ని మధ్య అమెరికా, కొలంబియా తీరాల మడ అడవులలో గడుపుతుంది. అంటే మిస్సోరిలోని ఒక ఎండుమానును నరికినా, కొలంబియాలో మడ అడవిని కొట్టివేసినా నష్టం ఈ ఒక్క పిట్టకే. అడవి బాతు కూడా తొర్రలలోనే పొదుగుతుంది. పిల్లలు పొదగబడిన మరునాడే ఎత్తునుండి క్రిందికి దూకి తల్లి వెంట నీటికి చేరుతాయి.

వడ్రంగిపిట్టలలో కాకియంత పెద్దదైన పైలియేటెడ్ వడ్రంగిపిట్ట, తల మొత్తం ఎరుపుగా ఉండే ఎర్రతల వడ్రంగిపిట్ట ముఖ్యమైనవి. రెండవది సింధూరపు కాయలను చెట్ల పగుళ్ళలో దాచుకొంటుంది. ఎండుమాన్లను ఏరివేయడం వలన ఇది చాలా ప్రాంతాలలో తగ్గిపోయినది. వరద నీరు నిలిచి చెట్లు చచ్చిన చోట్ల మాత్రం తిరిగి కనబడుతుంది.

ఇండిగో బంటింగ్: వేసవి మధ్యాహ్నం మిగిలిన పిట్టలన్నీ మౌనంగా ఉన్నపుడు కూడా బాట అంచున ఎండుకొమ్మపై కూర్చుని పాడే నీలిపిట్ట ఇది. రాత్రివేళ ప్రయాణించే ఈ పక్షి ధ్రువనక్షత్రం చుట్టూ తిరిగే చుక్కల సాయంతో ఉత్తర దిక్కు గుర్తుపడుతుందని 1960లలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త ప్లానెటేరియంలో జరిపిన ప్రయోగాలద్వారా నిరూపించాడు.

నీటి పక్షులు: మెక్‌బేన్ వద్ద బాటను ఆనుకొని ఈగిల్ బ్లఫ్స్ సంరక్షణ ప్రాంతం కలదు. కొలంబియా నగరపు మురుగునీరు శుద్ధి అయిన తరువాత మానవనిర్మిత చిత్తడినేలల గుండా ప్రవహించి, చివరకు ఇక్కడి మడులను నింపుతుంది. నగరం వదిలివేసిన నీరు బాతులకు విడిదిగా మారడం మెచ్చదగిన ఏర్పాటు. శరదృతువులో మల్లార్డ్, సూదితోక బాతులు, మంచు బాతులు వేలసంఖ్యలో దిగుతాయి. మన నారాయణ పక్షికి దగ్గరి బంధువైన పెద్ద నీలి కొంగ ఏడాది పొడవునా కనబడుతుంది. వసంత, శరత్కాలాలలో తెల్ల గూడబాతులు ఆగుతాయి. నేలపట్టులో గుడ్లు పెట్టే మచ్చల గూడబాతుల కంటె ఇవి పెద్దవి. గుంపుగా వరుసకట్టి చేపలను లోతులేని నీటిలోకి తరిమి పట్టుకొంటాయి. మాచెన్స్‌కు తూర్పున కొద్ది దూరంలో గల రివర్‌లాండ్స్ వలసపక్షుల ఆశ్రయంలో చలికాలంలో వందలాది ట్రంపెటర్ హంసలు చేరుతాయి. ఇది బాట మీద లేకపోయినా తూర్పు కొస వరకు వచ్చినవారు చూడకుండా వెనుదిరగరు.

చెట్టుపిచ్చుక: ఇది బాట తూర్పు భాగపు ప్రత్యేకత. ఐరోపా, ఆసియాలకు చెందిన ఈ పిచ్చుకను 1870లో సెయింట్ లూయిస్‌లో విడిచిపెట్టారు. ఊరపిచ్చుక ఖండమంతా వ్యాపించగా, ఇది మాత్రం నూటయాభై ఏళ్ళలో సెయింట్ లూయిస్ పరిసరాలను, ఇల్లినాయ్, అయోవా రాష్ట్రాలలోని కొన్ని భాగాలను దాటి పెద్దగా వెళ్ళలేదు. అందువలన అమెరికాలో దీనిని చూడగోరేవారు దూరప్రాంతాల నుండి సెయింట్ ఛార్లెస్ జిల్లాకు వస్తారు. బుగ్గపై నల్లని మచ్చ, గోధుమరంగు నడినెత్తి దీని గుర్తులు. తెలుగువారికి ఇది పూర్తిగా పరాయి పక్షి కాదు. తూర్పు కనుమలలో విశాఖపట్నం వైపు కొండలలో ఈ జాతి ఉన్నట్లు 1973లో పక్షిశాస్త్రజ్ఞులు ప్రకటించారు.

గడ్డిభూముల పక్షులు: సెడేలియా, క్లింటన్ ప్రాంతాలలో మెడోలార్క్, డిక్‌సిసెల్, పూరేడు వర్గానికి చెందిన బాబ్‌వైట్, కత్తెరతోక ఈగపిట్ట కనిపిస్తాయి. మిస్సోరిలో ఒకప్పటి నిలువెత్తు గడ్డిభూములలో నూటికి ఒక వంతుకంటె తక్కువ మిగిలినది. రైలు కట్టల ప్రక్కనున్న నేలను ఎవరూ దున్నలేదు; ఇంజను నిప్పురవ్వలకు, సిబ్బంది పెట్టిన మంటలకు పొదలు కాలిపోయి గడ్డి మాత్రం బ్రతికినది. ఆ విధంగా ఆ గడ్డికి రైలు తెలియకుండానే కాపలా కాసినది. ఇపుడు ఆ కాపలా లేదు కనుక పనిగట్టుకొని మంటపెట్టి పొదలను అదుపులో ఉంచవలసి వస్తున్నది.

ఈ లోయలో చిలుకలు కూడా ఉండేవి. పసుపు తలగల కరోలినా చిలుక మిస్సోరిలో సైకమోర్ గింజలను, ముళ్ళకాయలను తిని జీవించేది. ఆ జాతిలో తెలిసిన చివరి పక్షి 1918లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించినది.

ఇతర జీవులు, మొక్కలు

తెల్లతోక జింకలు ఉదయం, సంధ్యవేళలలో బాటపైకే వస్తాయి. కొయోట్, బాబ్‌క్యాట్ అరుదుగా, బీవర్ కొరికిన చెట్లు తరచుగా కనిపిస్తాయి. నీటికుక్కలు బొచ్చుకోసం సాగిన వేట వలన రాష్ట్రంలో దాదాపు అంతరించగా, 1982 నుండి పదేళ్ళపాటు ఎనిమిది వందలకు పైగా నీటికుక్కలను, ఎక్కువభాగం లూసియానా నుండి, తెచ్చి విడిచిపెట్టారు. పెట్టె తాబేలు మెల్లగా బాట దాటుతుంది. సైకిలు చక్రానికి ఎదురుపడితే దాని దారి ఎటో అటువైపే చేర్చాలి, వెనుకకు త్రిప్పితే మళ్ళీ బయలుదేరుతుంది. విషసర్పాలలో గిలక పాము, రాగితల పాము రాళ్ళమధ్య ఉంటాయి. చల్లని సాయంకాలాలలో వెచ్చదనం కోసం బాటపై పడుకోవడం పాములకు అలవాటు.

చెట్లనీడలో పెరిగే పాపా అనే చిన్నచెట్టు సీతాఫలం కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో తక్కినవి చాలావరకు ఉష్ణమండలపు మొక్కలు కాగా ఇది మంచు పడే దేశంలో పెరుగుతుంది. సెప్టెంబరులో పండే దీని గుజ్జు మెత్తగా, తియ్యగా ఉంటుంది. చారల సీతాకోకచిలుక గొంగళిపురుగులకు పాపా ఆకులే ఆహారం. ఆకులోని చేదు రసాయనం పురుగు ఒంటికి చేరి దానిని పక్షులనుండి కాపాడుతుంది.

మెక్‌బేన్ సమీపంలో పొలాల మధ్య ఒంటరిగా నిలిచిన బర్ ఓక్ మహావృక్షం వయస్సు 350 నుండి 400 సంవత్సరాలని అంచనా. 1993 వరదలో రోజుల తరబడి నీట నిలిచి బ్రతికినది. 2020 అక్టోబరులో పిడుగుపడి తొర్రలో నిప్పంటుకొన్నది. అగ్నిమాపక సిబ్బంది ఆర్పివేయగా మరుసటి వసంతంలో తిరిగి చిగురించినది.

బాట వలన చేటు

పొడవైన బాట అంటే పొడవైన అడవి అంచు. అంచు కొన్ని పక్షులకు మేలు, కొన్నింటికి కీడు. ఆవుపిట్ట అనదగిన కౌబర్డ్ మన కోకిల వలెనే స్వంత గూడు కట్టక ఇతర పిట్టల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. పొలాలలో మేసి, అడవి అంచున చొరబడి గూళ్ళు వెదకుతుంది. అడవి లోపలి భాగాలను కోరుకొనే వుడ్ త్రష్ వంటి పిట్టలు అంచుకు దగ్గరగా గూడు పెడితే తమ పిల్లలకు బదులు ఆవుపిట్ట పిల్లలను పెంచవలసి వస్తుంది. కనుక బాటపై వుడ్ త్రష్ పాట వినబడినంత మాత్రాన అది అక్కడ వృద్ధి చెందుతున్నదని అనుకోరాదు.

ఆసియా నుండి తోటలకోసం తెచ్చిన ఆమూర్ హనీసకిల్ పొద మరొక సమస్య. ఇది అన్నిటికంటె ముందు చిగురించి, అన్నిటికంటె చివర ఆకు రాల్చి, నేలపై వసంతపు పూలమొక్కలకు వెలుతురు అందకుండా చేస్తుంది. దీని పళ్ళు తిన్న పక్షులే గింజలను వ్యాపింపజేస్తాయి. కట్ట పొడుగునా గింజలకు అడ్డులేని దారి దొరికినట్లయినది.

నది, వరదలు

పూర్వం మిస్సోరి వెడల్పుగా, పాయలుగా చీలి, ఇసుక తిన్నెలతో ఉండేది. ఇరవయ్యవ శతాబ్దంలో సూ సిటీ నుండి సంగమం వరకు సుమారు 1,180 కిలోమీటర్ల మేర నదిని పడవల రవాణాకై ఒకే ఇరుకు కాలువగా మార్చారు. ఎగువన ఆనకట్టలు, ఒడ్డున కరకట్టలు కట్టారు. పాయలు పూడిపోయి పొలాలైనవి. ఇసుకలో, మందపాటి ప్రవాహంలో బ్రతికే పాలిడ్ స్టర్జన్ చేపను 1990లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు.

1993 వేసవి వరదలో కరకట్టలు తెగి, అప్పటికి సిద్ధమైన బాటలో చాలాభాగం కొట్టుకుపోయినది. కొన్ని పొలాలపై మీటర్ల మందాన ఇసుక మేట వేసినది. అలాంటి భూములను ఇష్టపడి అమ్మినవారి నుండి కేంద్రప్రభుత్వం కొని, 1994లో బిగ్ మడ్డీ జాతీయ మత్స్య, వన్యప్రాణి ఆశ్రయాన్ని ఏర్పాటు చేసినది. అక్కడ నదిని దాని ఇష్టానికి పొంగనిస్తారు. గట్టు తెగినచోట కోసుకుపోయిన లోతైన గుంటలు కొంగలకు, చేపలకు నెలవులైనవి. 2019 వరదలలో కూడా బాట పలుచోట్ల మూతబడినది. బాటను మరమ్మతు చేసేవారికి, గూడబాతులకు ఒకే వరద రెండు రకాలుగా అర్థమవుతుంది.

పక్షివీక్షణకు అనువైన కాలం, ప్రదేశాలు

వార్బ్లర్ల కోసం మే మొదటి రెండు వారాలు, గద్దల కోసం డిసెంబరు నడిమి నుండి ఫిబ్రవరి వరకు, బాతుల కోసం నవంబరు అనువైనవి. జూలై, ఆగస్టులలో ఉక్క, దోమలు, పేనువంటి టిక్ పురుగులు అధికం. గడ్డిలోకి దిగకుండా బాట మధ్యన నడవటం మంచిది. ఒక్కరోజే సమయమున్నవారికి రోష్‌పోర్ట్ నుండి మెక్‌బేన్ వరకు గల భాగం తగినది. కొండచరియ, నది, చిత్తడినేల మూడూ అందులో వస్తాయి. కొలంబియా నగరం నుండి 14 కిలోమీటర్ల శాఖాబాట ఒకటి మెక్‌బేన్ సమీపంలో ప్రధాన బాటను కలుస్తుంది. తూర్పున వెల్డన్ స్ప్రింగ్ సంరక్షణ ప్రాంతం వలసకాలంలో అడవి పిట్టలకు పేరుపొందినది.

సైకిలు వేగంలో చిన్నపిట్టలు తప్పిపోతాయి. పలువురు ఒకవైపు సైకిలుపై వెళ్ళి, పాట వినబడినచోట దిగి నడుస్తారు. ఉదయపు వేళ చరియ నీడలో ఉన్నంతసేపు పిట్టలు నది వైపు ఎండ తగిలే చెట్లపై ఉంటాయి; కనుక ప్రొద్దుట నది వైపు, సాయంత్రం చరియ వైపు చూడటం ఇక్కడి వాడుక. ఈగిల్ బ్లఫ్స్ వంటి సంరక్షణ ప్రాంతాలలో బాతుల వేటకు అనుమతి ఉన్నందున వేటకాలపు నియమాలను ముందుగా తెలుసుకోవలసి ఉంటుంది. నవంబరు జింకల వేట రోజులలో బాట మీద నడిచేవారు కూడా నారింజ రంగు చొక్కా తొడుక్కొంటారు.